ఎడమ కన్ను

క్వున్ టాంగ్‌లో మా పాత ఫ్యాక్టరీ మేడకి
సరుకుల లిఫ్టు ఒక్కటే.
పొద్దున్నే గుడ్డ తానులూ, చేపల ట్రేలూ, నేనూ
ఒకరి మీద ఒకరం ఊపిరి విడుస్తూ ఎక్కుతాం.
తొమ్మిదో అంతస్తు, మూల గది.
కిటికీలో నా బొమ్మల తలకాయలు
పుల్లలకి గుచ్చి, ఆరుతూ.

ఒట్టి వినైల్ బొమ్మని పెట్టెలోంచి తీసినప్పుడు
పాలపొడిలా తెలుపు.
చెవులుంటాయి, బొజ్జ ఉంటుంది, ముఖం ఉండదు.
ముఖం ఇవ్వడం నా పని.
కస్టమ్ అంటారు దీన్ని. దీనికోసం జనం
వానలో కూడా వరసకడతారు,
తాము తడిసి, ఫోనుకి గొడుగు పట్టి.

ఈసారి బొమ్మ నా గోడ మీంచి దిగొచ్చింది.
ఫ్లైఓవర్ కింద మూడో స్తంభం మీద
నేను స్ప్రే చేసిన పిల్లిని
కాంట్రాక్టు మనుషులొచ్చి బూడిద రంగుతో కప్పేస్తారు.
మళ్ళీ వేస్తాను. మళ్ళీ కప్పుతారు.
వాళ్ళ బూడిద ఏ రెండుసార్లూ ఒక వన్నె కాదు.
స్తంభం ఇప్పుడు మాసికల చొక్కా.
వాళ్ళూ బొమ్మే వేస్తున్నారు, తెలియక.

ఆ బూడిదలన్నీ కలుపుకుని
పిల్లి ఒంటికి మాసికలు తొడిగాను.
ఒళ్ళు కుదిరింది.
కళ్ళు కుదరలేదు.
మూడు రాత్రులు పెట్టడం, తుడవడం.
థిన్నర్ వాసనకి అన్నం సయించలేదు.

నాలుగోనాడు సూప్ ఫ్లాస్కుతో వచ్చింది
మా అమ్మమ్మ చెల్లెలు, లాయ్ సుయెట్-ఫున్.
మూత తీయకుండానే బొమ్మని చూసింది.
"బ్రష్షు ఇటియ్యి."
నోట్లో పెట్టుకుని మొన తీసింది.
విషం, అని అరిచాను.
"అప్పుడు రోజంతా తిన్నాం."

ఊపిరి బిగబట్టింది.
నల్ల చుక్క. చుట్టూ సన్నటి వంపు.
పైన, ఆవగింజలో సగం, తెలుపు.
నేను రెప్ప వేసి తీసేలోగా
బొమ్మ నన్ను చూస్తోంది.

బ్రష్షు కింద పెట్టేసింది.
"రెండోది?"
"నాకు రాదు."

వేళాకోళం అనుకున్నాను.
కాదు. సాన్ పో కాంగ్‌లో, పద్నాలుగేళ్ళ వయసులో,
బెల్టుకి ఇటు ఈవిడ, అటు కామ్-ఫుంగ్.
ఎడమ కళ్ళు ఈవిడవి.
కుడి కళ్ళు ఆవిడవి.
గ్రోసుకింతని కూలి, కన్ను చెదిరితే కోత.
పదకొండేళ్ళు. ఎన్ని కళ్ళో
లెక్కవేయబోయి మానుకున్నాను.
పూర్తి ముఖం ఎప్పుడైనా చూశావా అంటే
"అది అటువైపు పోయేది" అంది, గోడకేసి చెయ్యి ఊపి,
ఆ బెల్టు ఇంకా అక్కడే కదులుతున్నట్టు.
ఫ్యాక్టరీ సరిహద్దు దాటి వెళ్ళిపోయింది.
కామ్-ఫుంగ్ ఎక్కడికెళ్ళిందో తెలీదు.
"టాయ్ పో అన్నారు ఎవరో. ఉందో, లేదో."

కుడి కన్ను నేనే వేశాను ఆ రాత్రి,
ఎడమదాన్ని అద్దంలో చూస్తూ.
నకలు నకలులాగే చూసింది. తుడిచేశాను.

బొమ్మ ప్రదర్శనకి ఒంటి కంటితోనే వెళ్ళింది.
కాన్సెప్టు బావుందన్నాడొక టోపీ కుర్రాడు,
ధర అడిగాడు. అమ్మకానికి కాదన్నాను.
అద్దె కట్టాల్సిన నెల అది.
అరికాలి మీద పేరు రాయమంటే
చాలాసేపు ఆలోచించి "ఎడమ" అని రాసిందావిడ.
మా లిపిలో అది ఒక్క అక్షరమే.

శనివారం అర్ధరాత్రి మూడో స్తంభం మీద,
తడి ఆరని బూడిద పైన,
నిలువెత్తు ఎడమ కన్ను.
కింద పెద్ద అక్షరాలు: కుడి కన్ను కావలెను.
నా ఫోన్ నంబరు.
రెండు కాల్స్ వచ్చాయి. ఒకటి అప్పులిచ్చే కంపెనీ.
రెండోదాంట్లో ఎవరూ మాట్లాడలేదు,
వెనకాల ఎక్కడో చేపల బజారు చప్పుడు.

కప్పేసేలోగా చూపిద్దామని ఆవిణ్ణి తీసుకెళ్ళాను.
ట్రక్కులు పోతున్నాయి. మెడ వెనక్కి వాల్చి
కన్నుని చూసింది, కన్నులో తెలుపుని చూసింది.
"వంపు లావైంది" అంది.
"మేస్త్రీ చూస్తే కూలి కోసేవాడు."